బిగించని బోల్టులపై ఎర్ర గీత

కొన్నేళ్ళుగా నా తప్పును ఇంకొక మనిషి మోస్తున్నాడు. నా పేరు ఉండవలసిన చోట అతని పేరు పెట్టి లోకం నవ్వుతుంటే, నేను మంచిపిల్ల అనిపించుకుంటూ హాయిగా తిరుగుతున్నాను. హాయిగానా? కాదు. కానీ తిరుగుతున్నాను కదా. అన్నం తింటున్నాను, పుస్తకాలు చదువుతున్నాను, డైరీ రాస్తున్నాను. ఎవరితోనూ చెప్పుకోలేనివన్నీ చెప్పుకునే ఆ డైరీలో కూడా, ఆ రోజు వాన పడిందని మాత్రమే రాశాను. మీకు చెబుతుంటే నాకు సిగ్గు కంటే కోపం ఎక్కువగా వస్తోంది. చాలామంది మీద కోపం. ఎవరినీ వదలను, నన్ను కూడా.

అరకులోయ నుంచి హుకుంపేట వెళ్ళే రోడ్డు మీద మా మావయ్యకు మెకానిక్ షెడ్డు ఉంది. నాన్న పోయాక అమ్మా నేనూ విజయనగరం వైపు నుంచి ఆయన దగ్గరికి వచ్చేశాం. షెడ్డు వెనకే ఇల్లు. వచ్చేవి ఎక్కువగా జీపులు, ఆటోలు, కూరగాయల వ్యాన్లు. పెద్ద మెకానిక్ బుద్రన్న, ఆ పక్క కొండ మీది ఊరివాడు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఘాట్ దిగే బండికి చక్రాల దగ్గర ఏ బోల్టు బిగించినా, బిగించినవాడు కాక ఇంకొకరు దాన్ని స్పానరుతో పట్టి చూడాలి. కదలకపోతే బోల్టు తల మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక ఎర్ర గీత గీయాలి. తర్వాత బోల్టు కాస్త తిరిగినా గీత విరిగి కనబడుతుంది. గీతకు వాడేది గోళ్ళ రంగు. మొదటి సీసా సంతలో నేను కొన్నదే కాబట్టి ఆ పని నాదైంది. గీత ఉందంటే బిగింపు అయింది, పరీక్ష కూడా అయింది. గీత పడ్డ బోల్టును ఇక ఎవరూ ముట్టరు.

ఆ రోజు విశాఖపట్నం నుంచి ఒక పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు వచ్చింది. నేలకు ఆనుకున్నట్టుండే కారు. మా రోడ్ల మీద పరుగులు పెట్టించి, ఇంజిన్ బలాన్ని చక్రాలకు అందించే డ్రైవ్ షాఫ్టులు రెండూ పాడు చేసుకున్నారు. కొత్తవి, వాటి కొత్త బోల్టులతో సహా, స్నేహితుడొకడు పట్టుకొచ్చాడు. బుద్రన్న ఎడమ వైపు షాఫ్టు ఎక్కించి, బోల్టులు బిగించాడు. మావయ్య పట్టి చూశాడు. నేను గీతలు పెట్టాను. కుడి వైపు షాఫ్టు కూడా ఎక్కించి, బోల్టులు చేత్తో తిప్పి నిలబెట్టాడు బుద్రన్న. అంతలో సంత నుంచి వస్తున్న జీపొకటి మా ముందే ఆగిపోయింది. మావయ్య కేకేశాడు. బుద్రన్న అటు వెళ్ళాడు.

కారు పక్కన నేనొక్కదాన్నే మిగిలాను, చేతిలో గోళ్ళ రంగు సీసాతో. కారు యజమానీ, అతని స్నేహితులూ చుట్టూ చేరారు.

"ఏంటి మేడమ్, మా కారుకి పెళ్ళిచూపులా? కాలిగోళ్ళకి కూడా వేస్తారా?"

ఒకడు ఫోను తీసి నన్ను ఫొటో తీశాడు. ఇంకొకడు నన్ను తలెత్తమన్నాడు. మనుషుల మధ్య నిలబడాలంటేనే నాకు చెమటలు పడతాయి. అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. కానీ చేతిలో పని వదిలేసి పోతే ఇంకా నవ్వుతారు. పని చేస్తున్నట్టు కనబడాలి కదా? అందుకని చక్రం ఉండే చోట చెయ్యి దూర్చి కుడి వైపు బోల్టులకు కూడా గీతలు పెట్టేశాను. అవి బిగించలేదని నాకు తెలుసు. నా వేలు తగిలితేనే ఒకటి కదిలింది. బుద్రన్న వచ్చి ఎలాగూ బిగిస్తాడు, అప్పుడు మళ్ళీ పెడదాంలే అనుకుని ఇంట్లోకి పోయి పుస్తకం తెరిచాను. మరి అతను గీత చూస్తే ముట్టడని నాకు తెలియదా? తెలుసు. అతనికి ఒక మాట చెప్పి రావడానికి ఎంతసేపు పడుతుంది? కానీ జీపు దగ్గర కూడా మగవాళ్ళే ఉన్నారు.

జీపు కింద దూరి పనిచేసిన బుద్రన్న తిరిగి వచ్చాడు, గీతలు చూశాడు, ఈలోగా మావయ్య వచ్చి ఆ పని ముగించాడనుకున్నాడు. "బేగి కానివ్వండి, చీకటి పడకముందే దిగాలి" అని యజమాని హారన్ మోగిస్తూనే ఉన్నాడు. చక్రం ఎక్కించారు. కారు వెళ్ళిపోయింది.

అనంతగిరి దాటాక ఘాట్‌లో కుడి వైపు షాఫ్టు ఊడి, గిరగిర తిరుగుతూ బ్రేకు పైపును తెంచేసింది. లోయ వైపు పోకుండా కొండ వైపు గుద్దుకుంది కాబట్టి బతికారు. పక్క సీట్లోని స్నేహితుడి కాలు విరిగింది. నన్ను ఫొటో తీసింది అతనే. అయితే మాత్రం? ఆ కాలు విరిగింది నా వల్ల. అతని మీద నాకున్న కోపం దాన్ని అతికించదు.

మర్నాడు యజమాని షెడ్డు ముందు నిలబడి, రోడ్డు మీద పోయేవాళ్ళంతా వినేలా అరిచాడు. "కొండోడి చేతికి కారిస్తే ఇంతే!" ఎంత సులువుగా అన్నాడు! తొందరపెట్టింది తను, గుంతల్లో కారు ఎగరేసింది తను. తప్పు మాత్రం ఒక మనిషి పుట్టిన చోటుదట. అతను వెళ్ళాక, మావయ్య తను కుడి వైపు స్పానరే పట్టలేదన్నాడు. బుద్రన్న నా వైపు తిరిగాడు.

"పాపా, కుడేపు గీతలు నువ్వే ఎట్టినావు కదా?"

"అవును."

"ఎవులు బిగించినారని ఎట్టినావు? నాను బిగించనేదు. గీత సూసి మీ మావయ్య బిగించీసినాడనుకున్నాను."

"నువ్వు బిగించానని, మావయ్య పట్టి చూశాడని చెప్పావు కదా, బుద్రన్నా. అందుకే పెట్టాను."

"నానా? నానెప్పుడు సెప్పినాను, పాపా?"

నేను జవాబివ్వాల్సిన అవసరం రాలేదు.

"సాలు, ఆపరా!" అన్నాడు మావయ్య. "నోట్లో నాలిక నేని గుంట. అది అబద్దమాడతాదేటి? నీ సేతకాని పనిని దాని మీదకి నెడతావా?"

అంతే. నా పిరికితనాన్నే నిజాయితీగా లెక్కేశారు. బుద్రన్న పట్టుబట్టాడు, గొంతు పెంచాడు. నిజం చెప్పేవాడు అరవకేం చేస్తాడు? ఆ అరుపునే మళ్ళీ అతని తప్పుకు సాక్ష్యమన్నారు. ఆ రోజే షెడ్డులోంచి పంపేశారు. లోయలో ఇంకే షెడ్డూ అతన్ని పెట్టుకోలేదు.

అక్కడితో ఆగలేదు. మా రోడ్డు మీద ఏ నట్టు వదులైనా, ఏ తలుపు ఊగినా "బుద్రన్న బిగింపు" అంటారిప్పుడు. జీపు డ్రైవర్లు అంటారు, టీ కొట్టువాడు అంటాడు, అతన్ని ఎప్పుడూ చూడని కుర్రాళ్ళు కూడా అంటారు. ఈమధ్య మా అమ్మ, కుర్చీ కాలు ఊగితే అదే మాట అంది. నేను నవ్వాను. అలవాటుగా నవ్వు వచ్చేసింది. ఆ నవ్వు విని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ వారమే హుకుంపేట సంతకు వెళ్ళాను. బుద్రన్న అల్లం అమ్ముతున్నాడు. ఎదురుగా నిలబడి, బోల్టులు వదులుగా ఉన్నాయని నాకు తెలుసని, అబద్ధం చెప్పానని చెప్పాను. అతను అల్లానికి అంటిన మట్టి దులుపుతూనే విన్నాడు.

"నాకెందుకు సెప్తన్నావు? నాకు తెల్దా?" అన్నాడు. "తెలీనోలకి సెప్పు."

తర్వాత బేరానికి వచ్చిన ముసలమ్మ వైపు తిరిగాడు. నేనింకా నిలబడే ఉన్నాను. ఏం ఆశించి? క్షమించానంటాడనా? ఇన్నేళ్ళు అతని పేరు వాడుకున్నది చాలక, అతని మంచితనం కూడా నాకు కావాలా?

ఇంటికి వచ్చి, షెడ్డులో డ్రైవర్లంతా ఉన్నప్పుడు చెప్పాను. బోల్టులు బిగించకుండానే గీత పెట్టింది నేనని, ఆ రోజు అబద్ధమాడింది నేనని. నాకు గుర్తున్నంతలో అంతమంది మగవాళ్ళ ముందు నేను నోరు విప్పడం అదే మొదలు. మావయ్య స్పానర్ కింద పెట్టలేదు.

"నువ్వు లోనికెల్లమ్మా" అన్నాడు.

"పాపది జాలి గుండె గురూ. ఆడిని యెనకేసుకొస్తంది" అని ఎవరో అన్నారు. అందరూ అవునన్నట్టు తలలూపారు.

ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేను. అబద్ధం చెప్పినప్పుడు ఒక్కరూ ప్రశ్నించలేదు, నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు! బుద్రన్న నిజం అరుపులా వినబడింది, నా నిజం జాలిలా వినబడింది. వాళ్ళకు వాళ్ళ మాట కావాలి. నవ్వుకోవడానికి ఒక కొండవాడు కావాలి, ముచ్చటపడటానికి ఒక అమాయకురాలు కావాలి. ఆ రెండూ వాళ్ళకు అమర్చి ఇచ్చింది నేనే. ఇప్పుడు లాక్కుంటానంటే ఇస్తారా?

అందుకే మీకు అన్నీ వివరంగా రాశాను. నేనెవరో మీకు తెలియదు, మంచిదాన్నని మీరెప్పుడూ అనుకోలేదు కాబట్టి మీరైనా నమ్మవచ్చు. నమ్మకపోయినా ఫరవాలేదు. క్షమ మీ దగ్గర కూడా అడగను, అది ఇవ్వవలసినవాడు ఇవ్వలేదు.

నిన్న ఒక వ్యాను డ్రైవరు, వెనక తలుపు గడియ వదులైందని చూపిస్తూ "బుద్రన్న బిగింపు" అన్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను. "బుద్రన్నది కాదు, నాది" అన్నాను. అతను నవ్వాడు. మళ్ళీ చెప్పాను. అతను నవ్వడం ఆపేదాకా నేను లోపలికి వెళ్ళలేదు.