చిన్నమ్మకు ఆకలేసిన రోజు

మొన్న ఆత్మకూరు బస్టాండులో ఉన్నట్టుండి వాన పట్టుకుంది. రేకుల కిందికి చేరిన జనంలో ఒక గొర్రెల కాపరి నా పక్కనే వచ్చి నిలబడ్డాడు. ఆయన భుజం మీది నల్ల కంబళి తడిసి, గొర్రె బొచ్చు వాసన, పొయ్యి పొగ వాసన, ఎండుగడ్డి వాసన అన్నీ కలిసి గుప్పుమన్నాయి. అటుపక్క అమ్మాయి ముక్కు మూసుకుని జరిగింది కానీ నాకు కదలబుద్ధి కాలేదు. చిన్నప్పుడు ఆ వాసన మా చిన్నమ్మ దగ్గర వచ్చేది. నిప్పులు కురిసే ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం, వాకిట్లో ఎండకు కూర్చుని కంబళి కప్పుకున్న మనిషి ఆమె.

మా పల్లె మర్రిపాడుకు అవతల, బద్వేలు దోవలో ఉంది. మెట్టనేల. వానలు పడితే సజ్జ, కంది, పడకపోతే మేకలే దిక్కు. మా నాయన బడిపంతులు. చిన్నాయన చేను చేస్తూ మేకల్ని చూసుకునేవాడు. రెండు సంసారాలూ, మా అవ్వా ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. చిన్నాయన భార్య పేరు శాంతమ్మ, మాకు చిన్నమ్మ. ఆమె పుట్టిన ఊరు పెన్న ఒడ్డున ఉండేదట, సోమశిల డ్యాం కట్టాక నీళ్లలో పోయింది. బావిలో బొక్కెన అడుగు తాకితే తప్ప నీళ్ల చప్పుడు వినని మా ఇంటికి ఆమె ఏటి కబుర్లన్నీ మోసుకొచ్చింది. మడుగులో ఎంతసేపు మునిగి ఉండేదో, చేప కాళ్ల మధ్య నుంచి జారిపోతే ఎట్లా ఉంటుందో చెబుతూ, పచ్చిమామిడి ముక్కలేసి చేపల పులుసు పెట్టేది. ఆ పులుసు మర్నాడు పొద్దున సజ్జ సంగటిలోకి ఇంకా బాగుండేది. పనయ్యాక పెద్దదానినన్న ఆలోచన లేకుండా మాతో గులకరాళ్లు ఎగరేసి అచ్చంగాయలు ఆడి, ఓడిపోతే గొడవ పడేది. క్రిస్మస్ ముందర కజ్జికాయలకు కొబ్బరి, బెల్లం కలుపుతూ సగం మా నోళ్లలోనే పెట్టేది. ఇల్లంతా కాగిన నూనె వాసన, యాలకుల వాసన నిండిపోయేది. పండగనాడు చర్చిలో అందరి గొంతుల మీదా ఆమె గొంతే వినపడుతుంటే అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పైకి విసుక్కుంటూ లోపల మురిసిపోయేది.

నేను మూడో తరగతిలో ఉండగా, వాగులు పొంగి బస్సులు తిరగని రోజుల్లో ఆమెకు నొప్పులొచ్చాయి. కాన్పు ఇంట్లోనే అయింది. ఆడపిల్ల పుట్టింది, రూతు అని పేరు పెట్టారు. కానీ నెత్తురు ఆగలేదు. పిల్లల్ని పక్కింటికి పంపేశారు కాబట్టి మేం చూసింది తర్వాత దండెం మీద ఆరేసిన చీరల్నే. ఎంత ఉతికినా మరక పోని చీరలు. ప్రాణమైతే దక్కింది. పాలు మాత్రం పడలేదు. అవ్వ వెల్లుల్లి పెట్టింది, మెంతులు పెట్టింది, ఎవరినో బతిమాలి సముద్రపు ఒడ్డు నుంచి ఎండు సొరచేప తెప్పించి పొడిపొడిగా పుట్టు చేసి పెట్టింది. చుక్క రాలేదు. రూతు మేకపాలతో పెరిగింది.

ఆ తర్వాత చిన్నమ్మ చిన్నమ్మలా లేదు. పొద్దెక్కినా లేచేది కాదు. లేస్తే నిలబడలేక గోడ పట్టుకునేది. మిట్టమధ్యాహ్నం కూడా చలంటూ కంబళి కప్పుకుని ఎండలో కూర్చునేది. మొహం పాలిపోయి ఉబ్బింది, కనుబొమలు ఊడిపోయాయి, గొంతు బొంగురుపోయి మాట సాగదీసినట్టు వచ్చేది. నెలసరి రాకపోతే మళ్లీ కడుపేమోనని ఇంట్లో ఆడవాళ్లు గుసగుసలాడుకుని, కొన్నాళ్లు ఎదురుచూసి ఊరుకున్నారు. పని అంతా మా అమ్మ మీద పడింది. వాకిట్లోకి వచ్చిన వాళ్లు, కాలు మీద కాలేసుకునే కోడలు దొరికిందని అవ్వతో అనేవాళ్లు. అవ్వ మొదట కొట్టిపారేసేది, తర్వాత తర్వాత తనూ ఆ మాటే అనడం మొదలుపెట్టింది. బలానికని సూదులు వేయించారు. పాస్టరు గారు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఎవరో గాలి సోకిందంటే, చర్చికి పోయే ఇల్లయినా అవ్వ చాటుగా మంత్రించిన తాడొకటి తెచ్చి మెడలో కట్టింది. ఏదీ పనిచేయలేదు. మాతో అచ్చంగాయలకు కూర్చుంటే, గులకరాళ్లు గుప్పిట్లో పట్టుకుని ఎగరెయ్యడం మర్చిపోయి అట్లాగే చూస్తుండేది. మేం కాసేపు చూసి, ఆమె వంతు దాటేసి ఆడుకునేవాళ్లం.

రూతు నడిచి, పరిగెత్తి, మాటలు నేర్చిన ఏడాది ఎండాకాలంలో చిన్నమ్మకు జ్వరం వచ్చింది. వాంతులయ్యాయి. మర్నాడు పొద్దున ఎంత పిలిచినా పలకలేదు. చిన్నాయన రోడ్డు మీదికి పరిగెత్తి బద్వేలు వైపు నుంచి వస్తున్న లారీని ఆపి, ఆమెను రెండు చేతుల మీదా ఎత్తుకొచ్చి డ్రైవరు వెనక సీటు మీద పడుకోబెట్టాడు. అవ్వ ఎక్కింది. రూతును తీసుకున్నారు, అది నన్ను వదలదు కాబట్టి నన్నూ ఎక్కించారు. దోవంతా అవ్వ చిన్నమ్మ అరికాళ్లు రుద్దుతూనే ఉంది. మే నెల ఎండలో ఆ కాళ్లు చల్లగా ఉన్నాయి.

ఆత్మకూరులో అది పెద్ద ఆస్పత్రేం కాదు. అక్కడి డాక్టరమ్మ బీపీ చూసి, అందడం లేదని నర్సుకు చెప్పి సెలైను పెట్టించింది. ఆ తర్వాత అవ్వను దగ్గరికి పిలిచి ఒక్కొక్కటే అడిగింది. ఈ బిడ్డ కాన్పులో నెత్తురు బాగా పోయిందా, పాలు పడ్డాయా, మళ్లీ నెలసరి వచ్చిందా, చలి అంటుందా? ఒక్కో జవాబుకూ అవ్వ గొంతు తగ్గుతూ వచ్చింది. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుందనీ, ఒంట్లో మిగతా గ్రంథులకు పని చెప్పేది అదేననీ, కాన్పులో అంత నెత్తురు పోయినప్పుడు అది దెబ్బతిని ఉంటుందనీ డాక్టరమ్మ చెప్పింది. నెత్తురు పరీక్షకు నెల్లూరు పంపిస్తామనీ, మందుకు మాత్రం అప్పటిదాకా ఆగకూడదనీ చెప్పి సూది వేయించింది.

ఆ వార్డు నర్సు పేరు కరుణమ్మ. నడివయసు మనిషి, నవ్వు తక్కువ. వచ్చినప్పుడల్లా బీపీ చూసేది, వేలికొనన చుక్క నెత్తురు తీసి చక్కెర చూసేది, ఎంత మూత్రం వచ్చిందో కొలిచేది. బెరడులా పొడిబారిన ఒంటికి కొబ్బరినూనె రాసి దుప్పట్లు కప్పేది. స్పృహ లేని మనిషితో కూడా, “శాంతమ్మా, చెయ్యి జరపతా ఉండా,” అని చెప్పి మరీ జరిపేది. వినపడని మనిషికి ఎందుకు చెబుతుందా అని నేను ఆశ్చర్యపోయి చూసేదాన్ని.

మర్నాడు పొద్దున కిటికీలోంచి ఎండ మంచం మీద పడింది. అవ్వ కూర్చునే కునుకు తీస్తోంది. చిన్నమ్మ కళ్లు తెరిచి పైకప్పు చూసింది, రూతును చూసింది, చివరికి అవ్వ వైపు తిరిగింది.

“అత్తా, ఆకలేస్తా ఉండాది.”

అవ్వ ఉలిక్కిపడి ఏందన్నావని అడిగింది.

“ఆకలి. ఏమన్నా పెట్టు.”

ఆ మాట ఆమె నోట విని మాకు ఏళ్లయింది. పెట్టినంత తిని, పెట్టకపోతే అడగక, పళ్లెం ముందు పెట్టుకుని నిద్రపోయే మనిషి. అవ్వ మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. కరుణమ్మ వచ్చి బీపీ చూసి, ఇడ్లీ తెప్పించి, గబగబా తిననీయకుండా తనే తుంచి పెట్టింది. నాలుగోది కూడా అయ్యాక చిన్నమ్మ ఇంకోటి అడిగింది.

అవ్వ నర్సును వరండాలోకి పిలిచి, తల వంచుకుని అడిగింది. “అయితే ఇది సోమరితనం కాదా?”

“కాదవ్వా. ఒంట్లో సరుకే లేకపోతే మనిషి ఎట్ట లేస్తాది?”

 అవ్వ లోపలికి వచ్చి చిన్నమ్మ మెడలోని మంత్రపు తాడు తనే విప్పి పారేసింది. 

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ కరుణమ్మ చిన్నాయనను వదల్లేదు. ఈ మాత్ర పొద్దున ఏదైనా తిని వేసుకోవాలి, ఒంటికి ఇది పట్టాకే థైరాయిడ్ మాత్ర, వరస మారకూడదు. మంచం మీంచి ఒక్కసారిగా లేవనివ్వకూడదు, ముందు కూర్చోబెట్టాలి. ఇంటికి పంపే రోజు ఆయన్ను ఎదురుగా నిలబెట్టి బడిపిల్లాణ్ణి అడిగినట్టు అడిగింది.

“జొరం వస్తే?”

“రెండింతలు వెయ్యాల.”

“వాంతులయితే?”

“మాత్ర నిలవదు. ఇక్కడికి తీసుకొచ్చి సూది వేయించాల.”

“బాగుండాది కదా అని మానేస్తే?”

 మంచం మీద కూర్చుని రూతు తల దువ్వుతున్న భార్య వైపు చూశాడు చిన్నాయన. “మానెయ్యం సిస్టరమ్మా,” అన్నాడు. 

చిన్నమ్మ ఒక్కసారిగా తిరిగి రాలేదు. ముందు మాటలో వేగం వచ్చింది, తర్వాత మొహం వాపు తీసింది, ఇంకా తర్వాత కనుబొమల దగ్గర పలచగా నూగు కనిపించింది. ఒక సాయంత్రం నేను మేకపాలు ఒలకబోస్తే ఇల్లు ఎగిరిపోయేలా తిట్టింది. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, ఆ తిట్లు వింటూ గడపలో నిలబడి నవ్వింది. తిట్లు తిన్న నాకూ ఏడుపు రాలేదు. మళ్లీ పిల్లలు పుట్టరని డాక్టరమ్మ చెప్పిన మాటకు చిన్నమ్మ ఒకనాడు పెరట్లో కూర్చుని ఏడ్చిందని, తనూ పక్కన కూర్చుందని మా అమ్మ నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. ఆ లోటు ఏ మాత్రతోనూ తీరలేదు. ఆ ఏడు క్రిస్మస్‌కు మాత్రం కజ్జికాయలు చిన్నమ్మే చేసింది. తర్వాత ఒకసారి జ్వరం వచ్చినప్పుడు ఆమె వద్దంటున్నా అవ్వ ఒకటికి రెండు మాత్రలు నోట్లో వేయించి, తగ్గేదాకా మంచం దగ్గర నుంచి కదలలేదు.

ఇప్పుడు మా పల్లెలో మేకల దొడ్లు లేవు. సజ్జ వేసేవాళ్లు లేరు. సంగటి కెలికే చేతులూ లేవు. మేం కాపురమున్న ఇల్లు అమ్మేశాం, కొన్నవాళ్లు పడగొట్టి కట్టుకున్నారు. అవ్వ పోయింది, నాయన పోయాడు, అమ్మ పోయింది, పోయినేడు చిన్నాయనా పోయాడు. రూతు ఆత్మకూరులో టీచరు, చిన్నమ్మ ఆమె దగ్గరే ఉంటుంది. వాన తగ్గాక నేను వెళ్లింది వాళ్లింటికే. మా అవ్వ పుట్టింటివాళ్లు ఎవరో, మా బావి ఎప్పుడు పూడిందో, చిన్నప్పుడు నేను ఏ పాటకు నిద్రపోయేదాన్నో అడగాలంటే ఇప్పుడు ఆమె ఒక్కతే ఉంది. ఆ ఇంటి పెద్దల్లో అందరికన్నా ముందు పోతుందని ఊరంతా అనుకున్న మనిషి, వాళ్లందరినీ సాగనంపి, ఎప్పుడొచ్చినావే, ఇంతసేపు ఏందని నన్ను గుమ్మంలోనే నిలదీసింది.