ముప్పై డిగ్రీల పడమర

ఏడేళ్లుగా నా లోపల ఒక అబద్ధం కాలు మీద కాలేసుకుని కూర్చుంది. పోలీసులు వచ్చేంత వ్యవహారమేమీ కాదు. విన్నవాళ్లెవరైనా ముందు నవ్వుతారు. నవ్వండి, నేనేమీ అనుకోను. చెప్పుకుంటూ పోతే మధ్యలో నాకూ నవ్వొస్తుందేమో. కానీ ఈ నవ్వులాటలో ఒక మంచి పనివాడు తన చేతి మీద నమ్మకం పోగొట్టుకున్నాడు. ఆ చెయ్యి ఏ తప్పూ చేయలేదని నాకొక్కడికే తెలుసు. తెలిసీ ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను. అందుకే నా పేరు రాయడం లేదు. పిరికివాణ్ణి అనుకోండి, సరిపోతుంది.

సౌదీలో, జుబైల్‌లో, ఒక కాంట్రాక్టు కంపెనీకి నేను టైంకీపర్‌ని. ఎవరు ఎన్నింటికి పనిలోకి వచ్చారు, ఎన్నింటికి దిగారు, ఇదే నా ఉద్యోగం. మా వాళ్లు పనిచేసే ప్లాంటు గేటు దగ్గరే ఫోన్లు, బ్యాటరీ వాచీలు తీసేసుకుంటారు. లోపల గ్యాసు, నిప్పురవ్వ కూడా పనికిరాదు. దాంతో నేను తలలు లెక్కపెట్టడానికి లోపలికి వెళ్తే చాలు, "సార్ టైమెంత?" అని అందరూ ఒకేసారి అడిగేవారు. విసుగెత్తి ఒకరోజు ఇసుకలో ఇనుప కడ్డీ పాతి, భోజనాల వేళకు దాని నీడ ఎక్కడ పడుతుందో అక్కడ ఒక రాయి పెట్టాను. మర్నాడు నీడ రాయిని తాకింది, సరిగ్గా అదే సమయానికి భోజనాల హారన్ మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే నన్ను పాడుచేశాయి.

నెల తిరిగేసరికి మేముండే కంపెనీ క్యాంపులో "నీడ గడియార మిత్రమండలి" పుట్టింది. ఎక్కడా నమోదు లేదు, బోర్డు లేదు, అందరం ఉబుసుపోక చేరినవాళ్లమే. శుక్రవారం సెలవు కాబట్టి ఉదయం పదింటికి క్యాంపు పెరట్లో సమావేశం. సభ్యుడు కావాలంటే గొడుగు లేకుండా పావుగంట ఎండలో నిలబడాలి. నియమావళి నేనే రాశాను. అధ్యక్షుడు కడప జిల్లా ఖాదర్ బాషా, మా కంపెనీ బస్సు డ్రైవరు, నా గదిలోనే ఉండేవాడు. కార్యదర్శిని నేను. ఉపాధ్యక్షులు ముగ్గురు, సంయుక్త కార్యదర్శులు ఐదుగురు. పదకొండు మందిలో పదిమందికి పదవులు. మిగిలిన ఒక్కడే పనిచేసేవాడు.

అతను నరసయ్య. జగిత్యాల దగ్గరి ఊరు. ఇనుప ప్లేట్లు కోసి అతికే ఫ్యాబ్రికేటరు, వెల్డరు. నాకంటే పదేళ్లు పెద్ద, నేను నరసన్నా అనేవాణ్ణి, అతను నన్ను సార్ అనేవాడు. ప్లేటు మీద గీత గీశాడంటే ఆ గీత మీదే కోస్తాడని ఫోర్‌మన్‌లు చెప్పుకునేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్టీలు కోణమాపకం ఉండేది.

ఇంకో మాట చెప్పాలి. అవి నితాఖత్ రోజులు. కంపెనీలో సౌదీలు ఎంతమంది ఉన్నారో లెక్కచూసి ప్రభుత్వం కంపెనీకి రంగు వేసేది. పచ్చ అయితే బతికినట్టు. ఎరుపు పడితే ఇఖామాలు, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్లు, రెన్యువల్ కావు, మనిషి ఇంటిదారి పట్టాల్సిందే. పైగా బయటి దేశపు పనివాళ్లకు తలకింత అని కంపెనీ కట్టాల్సిన లెవీ. మాది అప్పటికి పసుపు. ఈ రంగుల పిచ్చి మా మండలికీ ఎక్కింది. బాషా అందరి హాజరుకూ రంగులు పెట్టాడు. శుక్రవారం మొద్దు నిద్ర వల్ల మొదట ఎరుపులో పడింది అధ్యక్షుడే.

సరే, అసలు విషయానికి వస్తాను. వాయిదా వేస్తున్నానని మీకు అర్థమయ్యే ఉంటుంది.

నీడ గడియారానికి రెండే రెండు ముఖ్యం. నీడ వేసే రెక్క ఎంత వాలుగా ఉండాలి, ఎటు తిరిగి ఉండాలి. జుబైల్‌కు వాలు ఇరవై ఏడు డిగ్రీలు, అది నరసయ్య పని. రెక్క సరిగ్గా ఉత్తరానికి చూడాలి, అది నా పని. ఒక సభ్యుడు ఫోనులో దిక్సూచి చూపించాడు. చుట్టూ ఇంత ఇనుముంటే అది పనిచేయదని పెద్దమనిషి తరహాలో తోసిపుచ్చాను. నా దగ్గర అంతకంటే మంచి సాధనం ఉంది మరి. బాషా నమాజు చాప.

మాది గోదావరి జిల్లా. మా ఇంటి పక్కనే మసీదు. నమాజు పడమటికి తిరిగి చేస్తారని నాకు నడక వచ్చినప్పటి నుంచి తెలుసు. బాషా రోజూ గదిలో చాప ఎటు వేస్తే అదే పడమర. పడమటికి తిరిగి నిలబడితే కుడిచేతి వైపు ఉత్తరం. ఇందులో ఎవర్నైనా అడగడానికి ఏముంది? చాప గదిలో కాస్త ఐమూలగా ఉండేది నిజమే. అప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? క్యాంపు వాళ్లు గది వంకరగా నిలబెట్టారనుకున్నాను. నా పడమర మీద అనుమానం రాలేదు, మేముండే రేకుల పోర్టా క్యాబిన్ మీద వచ్చింది. అది డిసెంబరు. ఎందుకైనా మంచిదని సాయంత్రం సూర్యాస్తమయం కూడా చూశాను. సూర్యుడు అచ్చంగా చాప చూపించిన వైపే దిగాడు. ఇక ఇద్దరు సాక్షులు దొరికినట్టే. సిమెంటు దిమ్మె పోయించి, గంటల గీతలున్న పలకను రెక్కతో సహా నాలుగు బోల్టులతో బిగించేశాం.

జనవరిలో ఓ శుక్రవారం ప్రారంభోత్సవం. పదింటికి బాషా గుడ్డ తీశాడు. నీడ పన్నెండు గీతకు పది నిమిషాల దూరంలో ఉంది. అంతలో మెస్సు వంటవాడు తొంగిచూసి, అన్నం ఇంకా పెట్టలేదే అని కంగారుపడి లోపలికి పరిగెత్తాడు.

అందరూ నా వైపు చూశారు. నేను నరసయ్య వైపు చూశాను. అంతే. ఆ చూపుతోనే మొదలైంది. లెక్కలన్నీ సరిపోయాయి, రెక్క వాలులోనే తేడా ఉన్నట్టుంది అన్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? అనుకున్నాను. ఆ రోజుకు అది అబద్ధం కాదు, అహంకారం మాత్రమే. సమావేశాల సంగతులు రాసే మినిట్స్ పుస్తకంలో మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను: "లోపం తయారీలో."

నరసయ్య రెక్క విప్పి పట్టుకెళ్లి కొత్తది కోసుకొచ్చాడు. అదీ తప్పింది. మూడోది కోశాడు. అదీ తప్పింది. ఉపాధ్యక్షులు ముగ్గురూ వంతులవారీగా అతనికి సలహాలిచ్చారు. వాళ్లలో ఒకరు ప్లంబరు, ఇద్దరు పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ వాళ్లు.

మార్చి ఆఖర్లో ఒక సాయంత్రం నేను మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాను. బాషా ఆరుబయట చాప పరిచాడు. అప్పుడే సూర్యుడు మునిగాడు, చాపకు ఎదురుగా కాదు, బాగా కుడిపక్కకు, నీళ్ల ట్యాంకు వెనక. టీ చేతిలోనే ఉండిపోయింది. నమాజు అయ్యాక, ఇవాళ చాప పక్కకు వేశావేమని అడిగాను.

"పక్కకెందుకు ఏస్తా సామీ? మక్కా ఈడికి నైరుతి దిక్కున ఉండాది. మన దేశంలో అయితే పడమర. ఈడ ఎట్లయితాది?" అని నవ్వాడు.

చాపకూ పడమరకూ తేడా ముప్పై డిగ్రీలు, నా ఉత్తరమూ అంతే తప్పు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి జరిగి అస్తమిస్తాడు కాబట్టి ఆ డిసెంబరు సాయంత్రం చాపా సూర్యుడూ కలిశాయి. ఏడాదికోసారి దక్షిణాయనం అన్న మాట క్యాలెండర్లో చదివేవాణ్ణి. దాని అర్థమేమిటో చూడటానికి ఒక్కసారైనా తలెత్తానా? సూర్యుడి పేరుతో సంఘం నడుపుతూ సూర్యుణ్ణి చూడని కార్యదర్శి ఇంకెక్కడైనా ఉంటాడా?

తర్వాతి శుక్రవారం చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. అప్పటికే మినిట్స్ పుస్తకంలో మూడుచోట్ల తయారీ లోపమని నా సంతకంతో ఉంది. పలక తిప్పితే ఎందుకని అడుగుతారు. టైంకీపర్‌కు దిక్కులు తెలియవట అని క్యాంపంతా చెప్పుకుంటారు. తెరిచిన నోటితో నాలుగో రెక్క కోయమన్నాను. మొదటి మూడూ తెలియక కోయించినవి. నాలుగోది తెలిసి కోయించాను. నా పాపం అక్కడ మొదలవుతుందని నా లెక్క. మీ లెక్క వేరేగా ఉండొచ్చు.

నాలుగోది పనిచేసింది! పనిచేయక ఏంచేస్తుంది, ఎండాకాలం వచ్చింది కదా. సూర్యుడు నడినెత్తికి ఎక్కేసరికి తేడా అరగంటకు దిగింది. నరసయ్య చెయ్యి దారికొచ్చిందని బాషా అభినందన తీర్మానం పెట్టాడు, నేను బలపరిచాను. నరసయ్య ఆ రోజు అందరికీ రస్నా కలిపి ఇచ్చాడు. మళ్లీ డిసెంబరు వచ్చింది, గడియారం మళ్లీ రెండు గంటలు ముందుకు ఉరికింది. ఈసారి ఎవరూ తీర్మానం పెట్టలేదు. నరసయ్య చెయ్యి పోయింది పాపం అని మెల్లగా చెప్పుకున్నారు.

అదే చలికాలం మా కంపెనీకి ఎరుపు పడింది. లెవీ భారమంటూ నోటీసు బోర్డు మీద జాబితాలు అంటించారు. ఉపాధ్యక్షులు ముగ్గురూ ఒకే వారంలో ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్లీ తిరిగి రాకుండా, వెళ్లిపోయారు. తర్వాతి జాబితాలో నరసయ్య పేరుంది. వెళ్లే రోజు మధ్యాహ్నం అతను అట్టపెట్టెకు తాడు కడుతుంటే ముడి వేయడానికి నేను వేలు పెట్టాను. అప్పుడడిగాడు.

"సార్, ఒక్క మాట. నిజం చెప్పుండ్రి. నా చెయ్యి తప్పిందా?"

"ఇప్పుడెందుకన్నా అదంతా?"

"ఊరికి పోయి గ్రిల్ షాపు పెడ్దామనుకుంటున్న. గేట్లు, కిటికీలు. గా రెక్క నాలుగుసార్లు కోసిన, నాలుగుసార్లు తప్పింది. ఎంత చూసినా ఎక్కడ తప్పిందో నాకైతే సమజైతలేదు. రేపు ఒకని గేటు వంకర పోతే ఊర్ల ముఖం ఎట్ల చూపియ్యాలె? మీకు లెక్కలు తెల్సు. మీరు చెప్తె ఇంట."

అప్పటికీ సమయముంది. బస్సు రాలేదు. గదిలో మేమిద్దరమే. అతను రాత్రికల్లా దేశం దాటిపోతాడు, నా పరువుకు అతని వల్ల ఏ ప్రమాదమూ లేదు. అయినా నా నోట్లోంచి ఏం వచ్చిందో వినండి.

"చెయ్యి మంచిదే అన్నా. వయసు కదా, కళ్లు కాస్త మందగించి ఉంటాయి."

ఓదార్పులాగే చెప్పాను. గొంతులో జాలి కూడా పలికించాను.

అతను తలూపాడు. జేబులోంచి కోణమాపకం తీసి నా చేతిలో పెట్టాడు. "ఇగ నాకెందుకు సార్, మీరుంచుకోండ్రి," అన్నాడు. తీసుకున్నాను. థాంక్స్ కూడా చెప్పాను.

మరుసటి జనవరికి మండలిలో మిగిలింది నేనొక్కణ్ణే. బాషాను కూడా పంపేశారు. ఓ శుక్రవారం ఉదయం స్పానర్ పట్టుకెళ్లి నాలుగు బోల్టులూ విప్పాను. పలకను కుడివైపుకు ముప్పై డిగ్రీలు తిప్పాను. వాచీలో పది. నీడ పది దాటి తొమ్మిది నిమిషాల దగ్గర పడింది. జుబైల్‌లో ఆ రోజుల్లో సూర్యుడు వాచీ కంటే ఆ మాత్రం ముందుండాలి, లెక్కలో ఉన్నదే. నరసయ్య కోణమాపకంతోనే నరసయ్య రెక్క కొలిచాను. ఇరవై ఏడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఈ మాట ఎవరితో చెప్పను? మినిట్స్ పుస్తకం తెరిచి "కోరం లేనందున సమావేశం వాయిదా" అని రాసి మూసేశాను. చూశారా, అప్పుడు కూడా.

నరసయ్య షాపు పెట్టలేదు. టీ కొట్టు నడుపుతున్నాడు. అప్పుడప్పుడు నేనే ఫోను చేస్తాను, చెప్పేద్దామనే చేస్తాను, వాతావరణం గురించి మాట్లాడి పెట్టేస్తాను. పోయిన నెల నవ్వుతూ ఒక సంగతి చెప్పాడు. సొంత ఇంటికి గేటు పెట్టించాడట, వేరే వెల్డరుతో. అది మూతపడక తీగతో కట్టుకుంటున్నారట. నువ్వే చేసుకోవచ్చు కదన్నా అన్నాను. కళ్ల సంగతి మీరే చెప్పారు కదా సార్ అన్నాడు. కంటి డాక్టరు చూసి, అద్దాలు కూడా అక్కర్లేదు, చూపు బ్రహ్మాండంగా ఉందన్నాడట. కానీ డాక్టరుకు కోణాల గురించి ఏం తెలుసు, సార్‌కు తెలుసు అని ఇంట్లో చెప్పాడట. నేను ఫోను పట్టుకుని, అవునా అన్నాను. అవునా!

మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. క్షమించాల్సింది మీరు కాదు, అతను క్షమిస్తాడో లేదో నాకు తెలియదు, తెలుసుకునే ధైర్యం ఇంకా రాలేదు. ఏడేళ్లుగా అతనికి చెప్పాల్సిన మాట కనీసం ఒక్కసారైనా, ఎక్కడో ఒకచోట, నా చేత్తో రాసి చూసుకోవాలనిపించింది. రాస్తున్నాను.

నరసన్నా, నాలుగు రెక్కలూ సరిగ్గానే కోశావు. నీ చెయ్యి తప్పలేదు, నీ కళ్లు తప్పలేదు. పడమర తప్పింది. పడమర చూపించింది నేను.