ఓరిన్ బావకి ఒక్కటి తేలాలి

ఓరిన్ టోలెఫ్సన్‌కి ఉన్న గుణం ఒకటే. ఆయన ఏ సంగతీ తేల్చడు. కాదనడు, సరేననడు. గడ్డం గోక్కుని, "అంతా బాగానే ఉంది. ఒక్కటి తేలాలి" అంటాడు. ఆ ఒక్కటీ తేలేలోగా కొట్టువాడు కొట్టు కట్టేస్తాడు, ఎండాకాలం పోయి మంచు పడుతుంది, ఎదురుచూసేవాళ్ళకి జుట్టు నెరుస్తుంది.

ఈ గుణం ఆయన భార్య మార్లిస్‌కి పెళ్ళికి ముందే తెలుసు. పెళ్ళి మాటెత్తితే గోధుమ కోతలు కానీ అన్నాడు. కోతలయ్యాక విత్తనాలు కానీ అన్నాడు. మళ్ళీ కోతలొచ్చాయి. మార్లిస్ విసిగిపోయి తనే చర్చికి వెళ్ళి ముహూర్తం ఖాయం చేసుకొచ్చి, "శనివారం. చొక్కా ఇస్త్రీ చేసుకుని రా" అంది. ఓరిన్ వచ్చాడు. చేతిలో రెండు టైలు పట్టుకుని వచ్చాడు. ఏది కట్టుకోవాలో తేలలేదట. చివరికి మార్లిసే ఒకటి కట్టింది.

ఇంటికి రంగు వేయిద్దామని ఉత్తరపు గోడ మీద నాలుగు రంగుల చారలు గీసి చూశాడు. ఆ ఏడాది పుట్టిన పక్కింటి పిల్లకి ఇప్పుడు పెళ్ళయి పిల్లలు. చారలు చారలుగానే ఉన్నాయి. హోటల్‌కి వెళ్ళి పై అనే తీపి రొట్టెల్లో రూబార్బ్‌ది తినాలా నిమ్మకాయది తినాలా అని కూర్చుంటే, అవి రెండూ పక్క బల్లలవాళ్ళ కడుపుల్లోకి వెళ్ళిపోతాయి. ఆయన ఉత్త కాఫీ తాగి ఇంటికొస్తాడు.

అమెరికాలో మోంటానా రాష్ట్రంలో ఆ మూల ఊళ్ళో ఆదివారం చర్చి అయ్యాక ఆడా మగా అందరూ క్లబ్బు మైదానంలో చేరి ఇనుప పలకలకు తుపాకులు గురిపెట్టి కాలుస్తారు. కాల్చాక నేల మీద పడ్డ తూటాల ఇత్తడి డొల్లలు ఏరి తెచ్చుకుంటారు, కల్లంలో గింజ వదలని రైతుల్లాగా. ఓరిన్ ఇంటి నేలమాళిగలో ఒక ప్రెస్సు ఉంది. డొల్ల పెట్టి, గుండు నిలిపి, పిడి లాగుతూ పోతే ఖాళీ డొల్లలు మళ్ళీ తూటాలవుతాయి. డొల్లలు ఒక్కొక్కటే చేత్తో అందించాలి. అంత ఓపిక లేనివాళ్ళు ప్రెస్సు నెత్తిన కేస్ ఫీడర్ అనే యంత్రం బిగించుకుంటారు. దాని గిన్నెలో దోసిళ్ళతో డొల్లలు పోస్తే చాలు, అదే గిరగిరా తిరిగి ఒక్కొక్కదాన్నీ నిటారుగా నిలబెట్టి గొట్టంలోంచి జారవిడుస్తుంది. ఊళ్ళో అందరూ కొనుక్కున్నారు. ఓరిన్‌కి మాత్రం ఒక్కటి తేలలేదు.

తేలేదాకా డొల్లలు అందించే పని మార్లిస్ తమ్ముడు వెర్లన్ మీద పడింది.

ఒకప్పుడు క్లబ్బులో వెర్లన్‌ని మించిన గురి లేదు. కిందటి వసంతంలో పక్షవాతం వచ్చింది. కాళ్ళు తిరిగొచ్చాయి. నోరు అసలు పోనేలేదు. కుడిచేయి మాత్రం రాలేదు. వేళ్ళు ముడుచుకోవు, స్పర్శ లేదు. ఒకరోజు పొగలు కక్కే కాఫీ కప్పుకి ఆ చేయి ఆనించి, తోలు బొబ్బలెక్కేదాకా తెలుసుకోలేకపోయాడు. పిసకమని ఆసుపత్రివాళ్ళు రబ్బరు బంతి ఇస్తే కుక్కకి వేశాడు. తుపాకులు అమ్మేస్తానని ఊరంతా చెప్పి టీవీ ముందు కూర్చున్నాడు. మార్లిస్‌కి బెంగ పట్టుకుంది. అలా కూర్చున్నవాళ్ళు మళ్ళీ లేవడం ఆమె చూడలేదు.

అప్పుడే ఓరిన్ వెళ్ళి బావమరిదిని పిలుచుకొచ్చాడు.

"ఒరేయ్, ఆ యంత్రం కొనాలో వద్దో తేలేదాకా వచ్చి డొల్లలు అందించు."

"నా చేయి పనిచేయదు బావా."

"ఆ యంత్రం కూడా అన్నిసార్లూ పనిచేయదట. రెండూ చూద్దాం."

ఆనాటి నుంచి రోజూ పొద్దున నేలమాళిగలోంచి మార్లిస్‌కి ఇదే సంగీతం. డొల్ల ఒకటి టింగుమని కింద పడుతుంది. తర్వాత మాటలు.

"అది తలకిందులుగా పెట్టావురా."

"నీ బుర్ర కంటే తిన్నగానే ఉంది."

"వేలు తియ్యి. వేలు తియ్యందే నేను పిడి లాగను."

"ఇంత నత్తనడక దేనికి బావా, ఆ యంత్రమేదో కొని చావరాదూ."

"ఒక్కటి తేలాలి."

ఊళ్ళోవాళ్ళ నోళ్ళు ఊరుకుంటాయా. జబ్బుమనిషికి కాఫీ, పై ముక్క పడేసి ఓరిన్ గొడ్డుచాకిరీ చేయించుకుంటున్నాడన్నారు. పిసినారితనానికి ఆలోచన అని పేరు పెట్టుకున్నాడన్నారు. ఆ మాట చర్చి మెట్ల మీద మార్లిస్ చెవిన పడింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

క్లబ్బు అధ్యక్షురాలు లవెర్న్ మాటల మనిషి కాదు. తలా కొంత వేసుకుని సరికొత్త యంత్రం కొని, పెట్టె మోసుకొచ్చి ఓరిన్ కాఫీ బల్ల మీద పెట్టింది.

"పుట్టినరోజు శుభాకాంక్షలు. ఇక మా వెర్లన్‌ని వదిలిపెట్టు."

"నా పుట్టినరోజు జనవరిలో."

"ఏ జనవరో నువ్వు తేల్చేలోగా అని ముందే తెచ్చాం."

ఓరిన్ పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. టేపు తెచ్చి నేలమాళిగ కప్పు కొలిచాడు. యంత్రం పొడుగు, కప్పు పొట్టి. నాలుగు వేళ్ళు చాలదన్నాడు.

"బల్ల దించుకో" అంది లవెర్న్.

"బల్ల దిగితే మోకాళ్ళు పట్టవు."

"మోకాళ్ళు కోయించుకో బావా" అన్నాడు వెర్లన్.

మర్నాడు మార్లిస్ పొయ్యి దగ్గర బంగాళాదుంపల రొట్టె కాలుస్తుంటే కాళ్ళ దగ్గర సన్నగా రంపపుపొట్టు లేచింది. చూస్తే వంటింటి నేలలోంచి రంపం మొన తల ఎత్తింది. ఆమె అట్లకాడతో దాని నెత్తిన ఒక్కటి వేసింది. రంపం కిందికి వెళ్ళిపోయింది. కాసేపటికి కిందనుంచి, "అయితే కప్పు కోయడం కుదరదని తేలింది" అని గొంతు వినిపించింది.

తర్వాత బల్ల ఊగుతుందన్నాడు. డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టు ఆ గోలేమిటన్నాడు. తానూ భార్యా కాల్చేదెంత, దానికింత యంత్రమా అన్నాడు. ఆ గిన్నెలో తొమ్మిదో సైజు డొల్లకో పళ్ళెం, నలభై అయిదో సైజుకో పళ్ళెం మారుస్తూ కూర్చోవాలన్నాడు. లవెర్న్ ఇంటికి వెళ్ళి ఆమె యంత్రం ముందు కూర్చుని, అది ఒక డొల్లని తలకిందులుగా పంపేదాకా కదల్లేదు. పంపగానే కొడుకు పుట్టినంత సంబరంగా ఇంటికొచ్చాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మార్లిస్ గరిటె కింద పెట్టేసింది.

"ఏమయ్యా, నా తమ్ముడు జబ్బుమనిషి. ఊరంతా నిన్ను ఏమంటోందో తెలుసా?"

"తెలుసు."

"సిగ్గు లేదూ?"

"ఉంది. కానీ ఒక్కటి తేలాలి."

"ఏమిటది? చెప్పి చావు."

ఓరిన్ చిక్కుడుకాయలు వడ్డించుకున్నాడు. ఇద్దరికీ నాలుగు రోజులు మాటల్లేవు.

ఓర్పు నశించి లవెర్న్ పందెం వేసింది. ఓరిన్ కారు షెడ్డులో రెండు బల్లలు. ఒక బల్ల మీద యంత్రం బిగించిన ఆమె ప్రెస్సు. రెండో బల్ల దగ్గర ఓరిన్, కుడిపక్కన వెర్లన్. కుండెడు కాఫీ కాగేలోగా ఎవరి తట్టలో తూటాలు ఎక్కువుంటే వాళ్ళది గెలుపు. క్లబ్బంతా వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చుంది.

"నన్ను మరతో పోల్చడానికి ఇంత తిరునాళ్ళా?" అని వెర్లన్ మండిపడ్డాడు. "బావా, ఇవాళ నీ ముందు నేను ఓడితే నా పేరు మార్చుకుంటాను."

యంత్రం గలగలా మొదలుపెట్టింది. లవెర్న్ తట్ట నిండుతోంది. మార్లిస్ షెడ్డు మూల పొయ్యి మీది కాఫీ కుండ దగ్గర నిలబడి తమ్ముడి చేయి చూడలేక ఆవిరి వంక చూస్తోంది. ఇంతలో గలగల ఆగింది. అచ్చం తొమ్మిదో సైజులాగే ఉండి వెంట్రుకవాసి పొట్టిగా ఉండే డొల్ల ఒకటుంది. మైదానంలో ఏరేటప్పుడు అది కలిసిపోవడం ఎవరికైనా జరిగేదే. అది గొట్టంలో అడ్డం పడింది. లవెర్న్ స్క్రూడ్రైవరు పెట్టి పొడుస్తూ, మైదానంలో తప్ప చర్చిలో వాడని మాటలు వాడింది.

వెర్లన్ ఆమె అవస్థ చూడ్డానికి మెడ పూర్తిగా అటు తిప్పేశాడు. నవ్వుతున్నాడు. చేయి మాత్రం డొల్లల తట్టలోకి, ప్రెస్సు మీదికి, తట్టలోకి, ప్రెస్సు మీదికి తన మానాన తాను పోతోంది. ఒకచోట ఆగింది. బొటనవేలూ చూపుడువేలూ డొల్లని ఒకసారి దొర్లించి చూశాయి.

"పొట్టిది" అన్నాడు, ఇటు చూడకుండానే. భుజం మీదుగా వెనక్కి విసిరేశాడు. ఇంకొకటి అందుకున్నాడు.

మార్లిస్ చేతిలో మూత అలాగే ఉండిపోయింది. సలసల కాగే కాఫీ వేడి తెలియని వేళ్ళు అవి. కుండ పొంగి పొయ్యి ఆరిపోయింది. అప్పటికి ఓరిన్ వాళ్ళ తట్టలోనే తూటాలు ఎక్కువున్నాయి. ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే ఓరిన్ పిడి వదిలేసి లేచి నిలబడ్డాడు.

"తేలింది" అన్నాడు.

పెళ్ళయినప్పటినుంచీ ఆ మాట ఆ నోట మార్లిస్ వినలేదు.

"యంత్రం బిగించేద్దాం. ఇక్కడే, షెడ్డులో. కప్పు ఎత్తుగా ఉంది. కారు బయట ఉంటుంది."

"గెలిచింది నేనైతే యంత్రం పెడతావా?" వెర్లన్ లేచాడు. "నీకు మతిపోయిందా బావా?"

"గెలిచావు కనకే. ఇక ఈ పని నీకెందుకు? ఆదివారం గురి పోటీలో నీ పేరు రాయించేస్తున్నాను."

మార్లిస్ మొగుడి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "తేలాల్సింది ఇదా?"

"ఆసుపత్రిలో చేతులకి వ్యాయామం నేర్పే అమ్మాయిని అడిగాను. చిన్న చిన్న వస్తువులు తీసి పెడుతూ ఉండాలి, వేలసార్లు, అంది. వ్యాయామం అంటే వీడు చేస్తాడా? బావ తెలివితక్కువవాడని రుజువు చేయడానికైతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేస్తాడు."

"నాతో చెప్పచ్చుగా."

"నీతో చెబితే నువ్వు వాడి మీద జాలిపడతావు. జాలిపడితే వాడు మానేస్తాడు."

లవెర్న్ ముక్కు చీదుకుని, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, "ఆ సంగతేదో ముందే చెబితే నా కుడి కంట్లో ఇత్తడి పొడి పడేది కాదు" అంది. రెండో కంట్లో ఏం పడిందో చెప్పలేదు.

ఆదివారం వెర్లన్ గీత దగ్గర నిలబడ్డాడు. మొదటి పలక మోగింది. రెండోది మోగింది. వరసగా అన్నీ మోగాయి, చివరిది తప్ప. అదీ కాసేపు ఊగుతూ ఆలోచించి పడింది. క్లబ్బంతా టోపీలు ఎగరేసింది. మార్లిస్ ఏడుస్తూ నవ్వింది, ఏడుస్తున్నానని ఒప్పుకుంది కూడా.

వెర్లన్ తుపాకీ కింద పెట్టి తిన్నగా బావ దగ్గరికి వచ్చి కుడిచేయి చాపాడు. ఓరిన్ చేయి కలిపాడు. వెర్లన్ పట్టు బిగించాడు. ఇంకా బిగించాడు. ఓరిన్ మొహం ఎర్రబడింది.

"వదలరా. వేళ్ళు విరుగుతున్నాయి."

వెర్లన్ ఎడమచేత్తో గడ్డం గోక్కున్నాడు.

"వదలాలో వద్దో ఆలోచిస్తున్నాను బావా. అంతా బాగానే ఉంది. ఒక్కటి తేలాలి."