మేస్త్రి, పసుపు పట్టీ

మా బడి వడ్రంగి మేస్త్రికి ఉపన్యాసాలంటే గిట్టదు. ముప్పై ఒక్క ఏళ్లుగా బడి వెనకున్న రేకుల షెడ్డులో విరిగిన బెంచీలూ ఊడిన తలుపులూ బాగుచేస్తున్నాడు. హెడ్మాస్టరు ఏదైనా సభ ఉందని పిలిస్తే సరిగ్గా ఆ వేళకే ఎక్కడో ఒక తలుపు ఊడిపోతుంది. అదే బడిలో కరెంటు పని చేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ తలుపుల్లో సగం ఆయన ఊడదీసినవే.

ఈ ఏడాది ఏడో తరగతి పిల్లలకి శనివారాల్లో నాయకత్వ శిక్షణ అని కొత్తగా మొదలైంది. మైకు పట్టుకుని అరవడం నేర్పుతారు కాబోలని మేస్త్రి పెదవి విరిచాడు. తీరా చూస్తే అది కాదు. చరిత్రలో ఒక జాతి జనాన్ని ఆ జాతిలో పుట్టారన్న ఒక్క కారణానికే ఊచకోత కోసిన సంగతులు, అవి ఎంత చిన్న చిన్న పనులతో మొదలయ్యాయి, మనిషికి పుట్టుకతో వచ్చే హక్కులేమిటి, పక్కవాడి హక్కు పోతుంటే మనమేం చేయాలి, ఇవీ పాఠాలు. చివర్లో పిల్లలే ఒక ప్రదర్శన పెట్టి చిన్న తరగతులవాళ్లకి ఇదంతా చెప్పాలి. ఫొటోలు అంటించడానికి పన్నెండు చెక్క స్టాండ్లు కావాలి. కొనేది లేదు, పిల్లలు తమ చేతులతో చేయాల్సిందే అంది ఆ పాఠాలు చెప్పే టీచరు. ఆ ఒక్క మాటతో మేస్త్రికి ఆవిడ మీద గౌరవం కుదిరింది.

పదిమంది పిల్లలు పొద్దున పాఠం విని, మధ్యాహ్నం షెడ్డుకి వచ్చేవారు. జట్టుకి పెద్ద ఒక అమ్మాయి. జిగురు చూపిస్తే ఎందుకు అనేది, ఉలి చూపిస్తే ఎందుకు అనేది. మేస్త్రి ఆమెకి ‘ఎందుకమ్మ’ అని పేరు పెట్టాడు. ఆ పేరెందుకని కూడా అడిగింది.

షెడ్డులో మేస్త్రికొక పద్ధతి ఉంది. రెండుసార్లు చెక్క పాడుచేసినవాళ్ల చేతికి పసుపు పట్టీ కడతాడు. వాళ్లు రంపం పట్టకూడదు, మిగతావాళ్లు వాళ్లమీద ఓ కన్నేసి ఉంచాలి. పని నేర్పిన గురువు దగ్గర్నుంచి వచ్చిన అలవాటు అది. తన పది వేళ్లూ ఇప్పటికీ చేతులకే ఉన్నాయంటే ఆ పట్టీ పుణ్యమేనని ఆయన నమ్మకం. పట్టీలు కుట్టేది ఆయన భార్య. ఆవిడ దర్జీ.

మూడో శనివారం రెండు జడల పిల్ల ఒకతె వరసగా రెండు చెక్కలు వంకరగా కోసింది. మేస్త్రి పట్టీ తీసి ఆమె చేతికి కట్టాడు. ఆ పిల్ల మూలకి వెళ్లి గరుకు కాగితంతో స్టాండ్ల కాళ్లు రుద్దుతూ కూర్చుంది. షెడ్డులో రంపాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఎందుకమ్మ ముందుకొచ్చి పట్టీ ఎందుకని అడిగింది. జాగ్రత్త కోసమని మేస్త్రి చెప్పాడు.

“పొద్దున పాఠంలో ఇదే విన్నామండి. ఒక జాతివాళ్లందర్నీ బట్టలకి పసుపు గుడ్డముక్క కుట్టుకుని తిరగమన్నారు. ఆ తర్వాత వాళ్లని చంపారు.”

మేస్త్రి చేతిలో పెన్సిలు కింద పెట్టేశాడు. “అయితే నన్ను ఆ హంతకులతో కలుపుతున్నావా?”

“మిమ్మల్ని కలపడం లేదండి. పట్టీని కలుపుతున్నాను.”

ఆయనకి చాలా కష్టంగా తోచింది. అడిగింది పన్నెండేళ్ల పిల్ల, అదీ మర్యాదగా అడిగింది. గద్దించడానికి లేదు, ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఇవాళ్టికి చాలించండని అందర్నీ పంపేశాడు.

తరవాతి శనివారం తొమ్మిదిమందే వచ్చారు. రెండు జడల పిల్ల ఇక రానని టీచరుకి చెప్పిందట. ఆమె లేకుండా తాము రంపం ముట్టమని మిగతావాళ్లు వరసగా బెంచీ మీద కూర్చున్నారు. ప్రదర్శన పదిహేను రోజుల్లోకి వచ్చింది. తయారైన స్టాండ్లు నాలుగు. కానీ మేస్త్రి దిగులు స్టాండ్ల గురించి కాదు. తన షెడ్డులోంచి ఒకరు పని మానేసి వెళ్లిపోవడం ఆయన ఎరగడు.

ఇంట్లో భార్యతో మొత్తం చెప్పాడు. కుట్టింది నేనే కాబట్టి సగం నేరం నాదే అని ఆవిడ నవ్వింది. నవ్వి ఒక ప్రశ్న వేసింది.

“పని నేర్చుకునేటప్పుడు మీరూ ఆర్నెల్లు పట్టీ కట్టుకున్నారు కదా, అప్పుడెలా ఉండేది?”

“పని చేస్తుంటే తెలిసేది కాదు. టీ తాగేటప్పుడు తెలిసేది. పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు.”

ఆవిడ మిగిలిన పసుపు గుడ్డని మెషీను తుడవడానికి తీసుకుంది.

మర్నాడు సెలవైనా మేస్త్రి షెడ్డు తెరిచాడు. ఆ పిల్ల పాడుచేసిన చెక్కలు రెండూ వెతికి పక్కపక్కన పెట్టి, కోత వంకర తేల్చే మూలమట్టం ఆనించాడు. రెండూ ఒకే వైపుకి, ఒకే వాలులో వంగాయి. పని రాని చేయి ఒకసారి ఇటూ ఒకసారి అటూ పోతుంది, ఇలా పట్టుబట్టి ఒకే వైపుకి పోదు. చెక్కని ఆనించి కోయడానికి బల్లకి కుడిచేతి వీలుకి బిగించిన అడ్డుచెక్క వంక చూశాడు. చెక్కలు చంకన పెట్టుకుని నేరుగా ఆ పిల్ల ఇంటికి వెళ్లాడు.

తలుపు తీసిన నాయనమ్మ ఆ చెక్కలు చూసి హడలిపోయింది. బళ్లో ఏం విరగ్గొట్టిందో చెప్పమంది. ఏమీ లేదని ఆయన సర్దిచెప్పేలోపు పిల్ల బయటికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

“నువ్వు ఏ చేత్తో రాస్తావమ్మా?”

పిల్ల ఎడంచేతిని వెనక్కి దాచుకుంది. జవాబు అదే.

“తప్పు నా బల్లదమ్మా. నీది కాదు,” అన్నాడు మేస్త్రి. “రెండు కోతలూ చూస్తే అప్పుడే తెలిసిపోవాల్సింది. పట్టీ కట్టేశాక ఇంక నిన్ను చూడటం మానేశాను.”

పిల్ల తల వంచుకుని శనివారం వస్తానంది. నాయనమ్మ మాత్రం, బళ్లో బల్లది కూడా తప్పవుతుందా అని ఆశ్చర్యపోయింది.

శనివారానికి షెడ్డు మారిపోయింది. పసుపు పట్టీలు లేవు. రంపాలకీ ఉలులకీ పిడి మీద ఎర్ర రంగు వేసి ఉంది. ఎర్రపిడి ఎవరు పట్టుకున్నా, మేస్త్రి పట్టుకున్నా సరే, పక్కన ఇంకొకరు నిలబడి చూడాలి. ఇదీ కొత్త పద్ధతి. మొదట మేస్త్రే ఉలి అందుకున్నాడు. కాపలాకి ఎందుకమ్మ నిలబడింది. బొటనవేలు అక్కడెందుకు పెట్టారని అడిగింది. ఆయన వేలు తీసి వెనక్కి పెట్టుకున్నాడు. ఆ ప్రశ్నకి అర్థముంది.

రెండు జడల పిల్ల కోసం రెండో బల్లకి ఎడమవైపు అడ్డుచెక్క బిగించాడు. ఆ పిల్ల ఎడంచేత్తో రంపం పట్టి నెమ్మదిగా కోసింది. మేస్త్రి మూలమట్టం ఆనించి వెలుతురుకి ఎత్తి చూశాడు. సందు లేదు. కోయాల్సినవి ఇంకో ముప్పై ఉన్నాయని చెప్పి చెక్కని ఆమె చేతికిచ్చాడు. ఆయన మెప్పు అంతవరకే ఉంటుంది.

కాసేపటికి జట్టులో అందరికంటే పొడుగైన అమ్మాయి మెల్లగా వచ్చి, ఆ ఎడమ బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుందని అడిగింది. మేస్త్రికి అర్థం కాలేదు. ఈ అమ్మాయి నాలుగు వారాలుగా కుడిచేత్తో చక్కగానే కోస్తోంది.

“నాదీ ఎడంచెయ్యేనండి,” అంది. “చెబితే పట్టీ కడతారని కుడిచేత్తో కోయడం నేర్చుకున్నాను.”

షెడ్డంతా నవ్వింది. మేస్త్రి కూడా నవ్వబోయి ఆగిపోయాడు. పిల్లలందర్నీ ఒకసారి కలియజూశాడు.

“ఇంకెవరున్నారో ఇప్పుడే చెప్పండి,” అన్నాడు.

ఒక చేయి లేచింది. ఆయన కొలత టేపు తీసుకుని మూడో బల్ల దగ్గరికి నడిచాడు.