సింహం మెడ వెనక చిల్లు

గవర్నర్‌పేటలో మా పాత మునిసిపల్ ఆఫీసు పక్కన చిన్న పార్కు, అందులో నాలుగు సింహాల ఫౌంటెన్. దానికి మోటారూ గీటారూ లేవు. పైనున్న ట్యాంకు నుంచి దిగే నీళ్లే నాలుగు నోళ్లలోంచి దూకేవి. అది ఆగిపోయి పాతికేళ్లు దాటింది. "ఆ దిక్కుమాలిన పైపులు!" అని ఇన్నేళ్లూ తిట్టిపోశాను. ఇంజనీరుగా రిటైరయ్యాక కూడా ఊరుకోలేక దాన్ని బాగుచేయించే పని నెత్తికెత్తుకున్నాను.

కొత్తగా వచ్చిన ఆఫీసరు గారు గడువు పెట్టారు. "శుక్రవారానికి నీళ్లు రాకపోతే కొట్టించేస్తామండీ మేడమ్. సెల్ఫీ పాయింట్ పెడదాం, జనానికి నచ్చుతుంది."

నాకు ఒళ్లు మండింది. "సెల్ఫీలు మీ ఇంట్లో దిగండి. నీళ్లు వస్తాయి" అనేశాను. నా నోరే అంత.

పాత సున్నం పని తెలిసిన మేస్త్రి, ఒక సాయిబు గారు, మంగళగిరి నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ముందు రంగులు గీకారు. ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడంటే చాలు, మా ఆఫీసువాళ్లు ఆదరాబాదరాగా ఒక పూత కొట్టించేవారు. పచ్చ, వెండి, మళ్లీ పచ్చ. వాటి కింద అసలు సున్నం కోడిగుడ్డులా నున్నగా బయటపడింది. పగుళ్లలో ఆయన కరక్కాయ నీళ్లు కలిపి నూరిన సున్నం పూశారు. నేను పైపులన్నీ మార్పించాను.

గురువారం పొద్దున వాల్వు తిప్పాం. సింహాలు గుర్రుమన్నాయి గానీ చుక్క రాలలేదు. ఇక రేపు గునపాలు దిగుతాయి.

సాయిబు గారు మాత్రం కంగారుపడలేదు. సుత్తి పిడితో తట్టుకుంటూ వెళ్లి ఒక సింహం మెడ వెనక ఆగారు. "ఇక్కడ చిల్లు ఉండాలమ్మా, నాలుగు పైపుల్లోని గాలి పోవడానికి. లేకపోతే ఆ గాలే నీళ్లకి అడ్డుపడుతుంది. ఎవరో తెలివితక్కువవాళ్లు సిమెంటు కుక్కారు."

ఎవరో ఏమిటి, నా బొంద! అది నేనే. ఉద్యోగంలో చేరిన ఏడాదే ఒక మంత్రిగారి రాక. ఆ చిల్లులోంచి కందిరీగలు వస్తున్నాయని, చూడ్డానికి అసహ్యంగా ఉందని, దగ్గరుండి మూయించాను. తరవాత నీళ్లు ఆగితే పైపులు పాడయ్యాయని ఫైల్లో రాసి సంతకం పెట్టిందీ నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా దాచలేదు, ఆయనకి అక్కడే చెప్పేశాను.

ఆయన నవ్వి సన్న ఉలి నా చేతికిచ్చారు. "అయితే మీరే తియ్యండమ్మా."

సాయంత్రం దాకా తొలిచాను. వేళ్లు బొబ్బలెక్కాయి. చిల్లు తెరుచుకోగానే కందిరీగలు రాకుండా ఆయన ఇత్తడి జాలీ ముక్క బిగించారు. నా అరచేతిలో సగం కూడా లేదు. ఆ రోజు నాకు ఇది తోచి ఉంటేనా!

శుక్రవారం ఆఫీసరు గారు గునపాలవాళ్లతో సహా వచ్చారు. వాల్వు తిప్పాను. ఖళ్లుమని దగ్గినట్టు గాలి, మురికినీళ్లు, ఆ వెనకే తెల్లగా నాలుగు ధారలు! ఒకటి నేరుగా ఆయన చొక్కా మీద పడింది. బస్టాపులో జనం ఈలలేశారు. నేను, ఆ వయసులో, చెప్పులు విడిచి తొట్టెలోకి దిగిపోయాను.

ఆఫీసరు గారు చొక్కా పిండుకుంటూ, "బాగుచేసినవాళ్ల పేర్లతో రాయి వేయిద్దామండీ" అన్నారు.

పేర్లు వద్దన్నాను. ఇప్పుడు ఆ సింహం మెడ వెనక, చిల్లు కింద, సాయిబు గారు చెక్కిన రెండు ముక్కలే ఉన్నాయి: "ఈ చిల్లు మూయకండి. ఒకసారి మూసిన మనిషి చెబుతోంది."