బావ గొంతు కోసం నేను పట్టిన దొంగ

నా జీవితంలో ఒక్కసారే దొంగను పట్టుకున్నానండి. పట్టుకోకుండా ఉంటే ఇంటిల్లిపాదీ సుఖంగా ఉండేవాళ్లం.

అప్పటికి నాకు ఇరవైనాలుగేళ్లు. ఏలూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ణి. ఇంటర్నెట్ మోసాల గురించి నన్ను మించినవాడు జిల్లాలో లేడని నా గట్టి నమ్మకం. ఆ రోజుల్లో పెంటపాడు నుంచి మా పద్మక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ రవీ, మీ బావ నాకు ఫేస్‌బుక్‌లో రిక్వెస్ట్ పెట్టారురా."

సత్తిబాబు బావ పోయి అప్పటికి ఐదు నెలలు. కొల్లేరు వైపు చేపల చెరువులకి మేత చేరవేసే వ్యాన్ నడిపేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి గుండె ఆగింది. "ఒక్కసారి ఆయన గొంతు వింటే చాలు" అని అక్క బావ ఫొటో కింద రాసుకుంది. తెలిసినవాళ్లంతా చదివారు. వాళ్లతోపాటు ఎవడో వెధవ కూడా చదివాడు. అదే పేరు, అదే ఫొటోతో ఖాతా తెరిచి అక్కకి ఇలా రాశాడు: "నేను సత్తిబాబు స్నేహితుణ్ణి. ఆయన గొంతు రికార్డింగులు నా దగ్గరున్నాయి. మీ ఫోనుకి ఆరంకెల నంబరు వస్తుంది. అది చెబితే పంపిస్తాను."

"చెప్పేశావా అక్కా?"

"లేదురా. చెప్పనా? ఒక్కసారి వింటాను."

వెంటనే బస్సెక్కి తాడేపల్లిగూడెంలో దిగి, ఆటోలో పెంటపాడు చేరాను. అంతా మోసమని చెప్పాను. అక్క గోడవైపు తిరిగిపోయి, "నిజంగా ఉన్నాయేమోరా" అంది. ఆ మాటకి నా బుర్ర వేడెక్కింది. ఖాతా మీద ఫిర్యాదు చేసి ఊరుకోవాలని పిల్లలకి పాఠం చెప్పేవాణ్ణి నేనే. అయినా వాడికి జవాబు రాశాను: "దమ్ముంటే ఇంటికొచ్చి వినిపించు. లేదా నాకు ఫోన్ చెయ్." కింద నా నంబరు కూడా ఇచ్చాను. చూశారా నా తెలివి!

మర్నాడు పొద్దున అక్క బజారుకెళ్లింది. గేటు చప్పుడైంది. యాభై ఏళ్ల మనిషి, చేతిలో హెల్మెట్.

"ఏవండీ, సత్తిబాబు గారిల్లు ఇదేనాండి? ఆయన మాటలు నా ఫోనులో ఉన్నాయండి. అమ్మగారికి వినిపిద్దామని వచ్చాను."

నా గుండె ధాన్యం మిల్లులా కొట్టుకుంది. నిజంగానే వచ్చేశాడు! ఎంత తెగింపు! మొహాన నవ్వు పులుముకుని, "ఆ గదిలో కూర్చోండి, ఫ్యానుంది" అన్నాను. ఆయన లోపల అడుగు పెట్టగానే బయట గొళ్లెం వేశాను.

"బాబూ! ఇదేంటండీ!"

"నోరు ముయ్యండి!" అన్నాను. గోదావరి వాళ్లం కదా, దొంగనైనా మీరనే అంటాం.

పోలీసులకి ఫోన్ చెయ్యబోయాను. ఈలోగా నా ఫోనే మోగింది. దొంగ కూడా వినాలని స్పీకర్ పెట్టాను.

"సైబర్ పోలీసులం. మీ అక్కగారి ఫేస్‌బుక్ విషయం..."

"దొంగ నా గదిలోనే ఉన్నాడు సార్!"

"ఆఁ?" అన్నాడు అవతలివాడు. పాపం, అంత అదృష్టం వాడికీ అలవాటు లేదనుకుంటాను.

"శభాష్! వాణ్ణి వదలకండి. కేసు రాయాలి. మీ ఫోనుకి ఆరంకెల నంబరు వచ్చింది, చెప్పండి."

గదిలోంచి తలుపు దబదబా బాదుతూ అరుపు. "బాబూ! నంబరు చెప్పకండి! వాడే దొంగండి!"

"విన్నారా సార్, ఎలా బుకాయిస్తున్నాడో!" అని, ఆ గోలలో వినపడదేమోనని ఒక్కో అంకె విడదీసి, గట్టిగా, రెండుసార్లు చెప్పాను. ఫోన్ కట్టయింది. నా వాట్సాప్ కూడా కట్టయింది. దొంగ గదిలో లేడని, ఫోనులో ఉన్నాడని అప్పుడు అర్థమైంది.

అక్క వచ్చి గొళ్లెం తీసింది. "మస్తాన్ గారా! మీరా!" అంది.

చెరువుల మీద మోటార్లు బాగుచేసే మస్తాన్ గారి పేరు బావ నోట నేనూ విన్నానట, గుర్తులేదు. అక్క రాసింది చదివి, బావ మాటలు తన ఫోనులో వెతికి పట్టుకుని, కైకలూరు నుంచి బండి మీద వచ్చాడా మనిషి. చెమటలో తడిసి ముద్దయిపోయి, "పరవాలేదండి, ఫ్యాను బాగానే తిరిగింది" అన్నాడు.

ఈలోగా దెందులూరు నుంచి మావయ్య ఫోన్. "ఒరేయ్, బతికే ఉన్నావా? నువ్వు పోయావని నీ వాట్సాప్‌లోనే వచ్చిందిరా! నీ గొంతు రికార్డింగులు పంపిస్తాం, నంబరు చెప్పమన్నారు. 'వాడి గొంతు బతికుండగా విన్నది చాలు, వద్దు' అన్నాను!"

మిగతా బంధువులదీ అదే జవాబట, ఒక్కరూ మోసపోలేదు. సంతోషించాలో ఏడవాలో నాకు అర్థం కాలేదు.

మస్తాన్ గారు ఫోను బల్ల మీద పెట్టి మీట నొక్కారు. వ్యాన్ చప్పుడు. ఆపైన బావ: "మేత రేపు దింపుతానండి... మా బామ్మర్దా? బంగారమండి. కంప్యూటర్లన్నీ తెలుసు. మనుషులే ఇంకా తెలీదు."

అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఐదు నెలల్లో మొదటిసారి. "మళ్లీ పెట్టండి" అంది. పదకొండుసార్లు విన్నాం. పదకొండుసార్లూ నాకు మనుషులు తెలీదు.

నేను లేచి నిలబడి, కుడిచెయ్యి చాచి ప్రమాణం చేశాను. "ఇకమీదట నంబరు అడిగినవాడు సాక్షాత్తూ యముడైనా చెప్పను. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు మంచినీళ్లిచ్చి, పేరడిగి, ఆ తర్వాతే గొళ్లెం వేస్తాను."

"ఆ గొళ్లెం కూడా మానెయ్యకూడదాండి?" అన్నారు మస్తాన్ గారు, మెత్తగా.

మానేశాను.