మేజోడులో బోణీ

నిన్న కొట్లో గల్లాపెట్టె దులుపుతుంటే చిల్లర అర అడుగున నల్లటి జడ రబ్బరు ఒకటి బయటపడింది. పొడుగాటి వెంట్రుక ఇంకా చుట్టుకునే ఉంది. మా ఆయన పారేయబోతే, "ఉండనీండి, అది కొన్న సరుకు" అన్నాను. స్టీలు సామాన్ల కొట్లో వాడిన రబ్బరు ఏం సరుకని ఆయన చూసిన చూపు న్యాయమైనదే.

నెల్లూరులో ఈ కొట్టు మా అమ్మ నడిపిన రోజుల్లో, పొద్దున్నే ప్రార్థన చేసి షట్టరు ఎత్తేది. ప్రభువు మీద ఎంత విశ్వాసమో బోణీ మీదా అంతే. మొదట వచ్చిన మనిషి కొనకుండా పోతే ఇక ఆ రోజు వ్యాపారం లేనట్టే. అలాంటప్పుడు షట్టరు సగం దించి, గడప మీద నీళ్లు చల్లి, పక్క కొట్టు పెద్దమ్మకు ఒక గరిటె ఏ ధరకైనా సరే అమ్మేసి, మళ్లీ తెరిచేది. ఆ గడప మీద పెరిగినందుకు నాకు బేరం పట్టుకుంది, మా చెల్లెలికి బోణీ పట్టుకుంది. అది బడి మైదానంలో బాస్కెట్‌బాల్ మొదలుపెట్టి, చెన్నైలో జీతమిచ్చే క్లబ్బుదాకా వెళ్లింది. ఎక్కడ ఆడినా తాను వేసిన మొదటి బంతి వలలో పడాలి. పడితే ఆ రోజు దాన్ని ఆపడం ఎవరితరమూ కాదు. పడకపోతే చెయ్యి ముడుచుకుపోతుంది. ఈ రహస్యం కోచ్‌లకు తెలియదు, మా ఇంటికే తెలుసు.

అలాంటిదానికి మోకాలి ఆపరేషన్ అయింది. స్కానింగు దగ్గర, "రెండు మోకాళ్లకైతే ఎంతకిస్తారు?" అని అడిగిన ఘనత నాది. నెలల తరబడి కసరత్తు చేశాక, క్లబ్బు మేనేజరు ఒక్క మ్యాచ్ చూసి వచ్చే సీజన్‌కు ఉంచుకునేదీ లేనిదీ చెప్తానన్నాడు. ముప్పైకి దగ్గరపడిన, కోసి కుట్టిన మోకాలిని ఇంకో జట్టు తీసుకోదు. చెన్నై వెళ్లి ఆ మేనేజరు వెనక వరసలో కూర్చున్నాను.

మొదటి బంతి ఇనుప రింగు చుట్టూ తిరిగి తిరిగి బయటికి జారిపోయింది. ఆ తర్వాత బంతి చేతికొస్తే చాలు, కాలే పెనం అందించినట్టు పక్కవాళ్లకు ఇచ్చేస్తోంది. కోచ్ అరుస్తున్నాడు. ముందుకు వంగి చూస్తున్న మేనేజరు వెనక్కి వాలి ఫోన్ తీశాడు. ఆ వాలడం నాకు తెలుసు. కొనే ఉద్దేశం పోయిన మనిషి చెయ్యి గిన్నె మీదే ఉంటుంది, కళ్లు మాత్రం వీధిలో ఉంటాయి.

సగం ఆటకు విరామం ఇవ్వగానే ఆటస్థలం అంచున ఉన్న ఇనుప కమ్మీ దగ్గరికి పరుగెత్తాను.

"ఏం మే, మోకాలు నొప్పా?"

"మోకాలు బాగానే ఉండాది. బోణీ చెడిపోయినాదక్కా."

దాని జడ కనపడింది.

"ఆ రబ్బరు ఎంతకిస్తావు?"

పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. అంతలో అర్థమై, ఏడుపు మొహంలోనే అమ్మ గొంతు పెట్టింది. "ఇరవై."

"ఇరవయ్యా? మన వీధిలో రబ్బర్ల అట్ట మొత్తం వస్తాది. పదికియ్యి."

"పదిహేను. ఆట నేర్చిన సరుకు."

"పది. లేకుంటే పోతా." నిజంగానే వెనక్కి తిరిగాను. ఆ క్షణంలోనూ అయిదు రూపాయలు వదులుకోలేని పుట్టుక నాది.

"నీ బుద్ధి యాడికి పోతాది. తీసుకో, బోణీ బేరం."

నోటు కళ్లకద్దుకుని మేజోడులో దోపుకుంది. సీసాలో నీళ్లు, గడప మీద చల్లినట్టు, మోకాలి మీద చల్లుకుంది. జట్టు పిల్ల దగ్గర ఇంకో రబ్బరు అడిగి జడ వేసుకుంటూ వెళ్లిపోయింది.

మళ్లీ బంతి దాని చేతికొచ్చింది. ఈసారి ఎవరికీ ఇవ్వలేదు. ఎగిరింది. నేను బంతిని చూడలేదు, కిందికి దిగే ఆ కాలినే చూస్తున్నాను. కాలు ఆనింది, నిలబడింది. వల కదిలిన చప్పుడు తర్వాత వినబడింది. మేనేజరు ఫోన్ జేబులో పెట్టాడు.

ఆట అయ్యాక ఆయన వచ్చి, "ఒక్క సీజన్‌కండీ" అన్నాడు. రెండు చేయమనడానికి నోరు తెరిచాను. చెల్లెలు నా కాలు తొక్కింది.

ఆ ఒక్క సీజనే ఆడింది. తర్వాత మోకాలు ఇక చాలంది. ఇప్పుడు బుచ్చిరెడ్డిపాలెంలో ఆడపిల్లలకు ఆట నేర్పుతోంది. రబ్బరును మళ్లీ చిల్లర అరలోనే పెట్టాను. బోణీ ఏదో జరిగేటప్పుడే తెలుస్తుంది. ఆఖరి బేరం ఏదో, షట్టరు దించి వెనక్కి చూసుకుంటేగానీ తెలియదు.